అప్‌డేట్: మీటర్ రాని సైటులో బ్యాటరీ డ్రిల్, గ్రైండర్ ఎలా పనిచేశాయంటే

సైటుకి ఇంకా కరెంటు మీటర్ రాలేదు, జనరేటర్ అద్దెకి తేవాలా, బ్యాటరీ టూల్స్ కొనాలా అని అడిగాను కదా. 18 వోల్టుల హ్యామర్ డ్రిల్, చిన్న గ్రైండర్, రెండింటికీ సరిపోయే 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలు కొన్నాను. రాత్రి ఇంట్లో ఛార్జ్ చేసి తెస్తున్నాం.

డ్రిల్ తీసుకోవడం చాలా మంచిదైంది. పై అంతస్తులో సీలింగ్‌కి క్లాంపులు బిగించేటప్పుడు మా కుర్రాడు ఒక గది ముగించి, నిచ్చెన ఎత్తుకుని నేరుగా ఇంకో గదికి పోతున్నాడు. ఇదివరకు పని చేసిన సైట్లలో వైరు జాయింట్లు క్యూరింగ్ నీళ్లలో (కొత్త సిమెంటు గట్టిపడాలని పోసే నీళ్లలో) పడకుండా చూడ్డానికే ఒక మనిషి ఉండాల్సి వచ్చేది. ఆ షాక్ టెన్షన్ పోయింది. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

గ్రైండర్ మాత్రం ఛార్జింగ్‌ని తాగేస్తుంది. లెక్క చూడండి: 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ అంటే 72 వాట్ అవర్లే. 600 వాట్లు లాగే పనికి ఏడు నిమిషాలు వస్తుంది, అంతే. నాలుగు కడ్డీలు కోయడానికి భేష్. గోడల్లో పైపులకి గాడి కొట్టాలంటే వైరు మిషనే కావాలి, ఆ పని మీటర్ వచ్చాకే.

ఇంకోటి, ఎండలో కాలిపోతున్న బ్యాటరీని ఛార్జర్‌లో పెడితే చల్లారే దాకా ఛార్జింగ్ ఎక్కదు. నీడలో ఉంచండి, తొందరపడి నీళ్లు మాత్రం పోయకండి.

తర్వాత ఇదే బ్యాటరీకి సరిపోయే లైటు తీసుకుంటాను.