‘జో అచ్యుతానంద’ నిజంగా అన్నమయ్యదేనా?

తిరుచానూరు శ్రోత:
ఏకాంతసేవ (తిరుమలలో రాత్రి స్వామిని పవళింపజేసే సేవ) మాట వస్తే చాలు, ‘జో అచ్యుతానంద జోజో ముకుంద’ అన్నమాచార్యులదని చెప్పేస్తారు. చివరి చరణం దాకా పాడితే కదా తెలిసేది! అక్కడున్న ముద్ర, అంటే పదం చివర గుర్తుగా పెట్టే పేరు, ‘తిరుపట్ల మదనగోపాల’. ఒంటిమిట్ట రాముణ్ణి పాడినా, అహోబిలం నరసింహుణ్ణి పాడినా ఆఖరికి వేంకటాద్రికే తెచ్చి ముడివేసే మనిషి, జోల దగ్గర ఎందుకు వదిలేస్తాడు? ‘ఉయ్యాలా బాలునూచెదరు’ తీసి చూడండి. రేపల్లె బాలుడే, ముగింపులో ‘బల్లిదు వేంకటపతి’ అవుతాడు.

గోవిందరాజ వీధి:
ముద్ర ఒక్కటే పట్టుకుంటే ఎట్లా సామీ? అదే చరణంలో ‘అంగుగ తాళ్ళపాకన్నయ్య... చెప్పెనీ జోల’ అని పేరుతో సహా ఉందే! ఆయన పదాలు చెక్కిన రాగిరేకుల్లో చూపించమంటారేమో, 32,000 రాశారని పేరున్నా చేతికందినవి అందులో సగం కూడా లేవు. నా లెక్కన పాట ఆయనదే. తర్వాత ఎవరో తమ ఊరి దేవుడి పేరు ఇరికించారు.

తిరుచానూరు శ్రోత:
అలా ఇరికించడం కుదరదండీ. ఆ చరణంలో పాదాలు ‘అంగుగ’, ‘శృంగార’, ‘సంగతిగ’, ‘మంగళము’ అని మొదలవుతాయి. నాలుగింటికీ ఒకే ప్రాస. అన్నయ్య పేరున్న పాదం, మదనగోపాలుడి పాదం ఒకే చేతివి. పైగా ఆయన పదాల్లో స్వామి పేరే ముద్ర. అన్నమయ్యను పేరుపెట్టి కొలిచింది తర్వాతి తరం వాళ్ళు. ఆయన పదాల్లో ఎక్కువ వాటికి పల్లవి, మూడు చరణాలే. ఇది చరణం మీద చరణం పోతూనే ఉంటుంది.

పాట పంతులు:
మీ గొడవలో నడక మరిచిపోయారు. జోఅచ్యు / తానంద / జోజోము / కుందా. ఐదేసి మాత్రలు, ఖండచాపు. చిన్నపిల్లలకు దీన్ని ఎనిమిది అక్షరాల ఆదితాళంలో నేర్పేవాళ్ళున్నారు. అప్పుడు ‘నందునిం / టనుజేరి’ దగ్గర ‘ని’ని అనవసరంగా సాగదీయాల్సి వచ్చి, మాట రెండుగా విరుగుతుంది. నవరోజు రాగంలో పాడితే మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) దాకా దిగాలి, తారషడ్జం (పై ‘స’) జోలికి పోనక్కర్లేదు. మామూలు శ్రుతిలో ఎత్తుకుంటే కింద గొంతు అందక గాలే మిగులుతుంది. మధ్యమ శ్రుతి (‘మ’ను ‘స’గా పట్టుకుని పాడటం) పెట్టుకునేది అందుకే. అయితే నవరోజు పాతదనో, కాపి రాగం కొత్తదనో కాలం తేల్చకండి. రాగిరేకుల మీద చెక్కింది రాగం పేరు, సాహిత్యం. స్వరాలు లేవు. ఇప్పటి వరస కవి ఎవరో చెప్పదు.

గోవిందరాజ వీధి:
మరి ఏకాంతసేవలో తాళ్ళపాక వంశంవారు లాలి పాడే ఆచారం? ధనుర్మాసంలో, రోజూ పవళింపజేసే భోగశ్రీనివాసమూర్తి (స్వామివారి చిన్న వెండి విగ్రహం) బదులు కృష్ణుణ్ణి పవళింపజేస్తారు. కృష్ణుడి జోల అక్కడ పరాయిదేం కాదు.

తిరుచానూరు శ్రోత:
కాదు, నిజమే. లాలి పాడే హక్కు ఆ ఇంటిదని మాత్రమే అది చెబుతుంది. ఈ సాహిత్యం ఎవరు కట్టారో చెప్పదు.

గోవిందరాజ వీధి:
అయితే చివరి చరణం మొత్తం తీసేయండి. మిగిలింది అన్నమయ్యది.

తిరుచానూరు శ్రోత:
తీసేస్తే మిగిలిన చరణాల్లో ఆయన పేరు ఎక్కడుంది సామీ? ఉంచితే ముద్ర అడ్డం, తీస్తే సాక్ష్యం మాయం. తాళ్ళపాక వారిని కొలిచే తర్వాతి మనిషెవరో మదనగోపాలుడి గుడికి కట్టారనుకుంటే రెండూ సర్దుకుంటాయి. కాదనేవాళ్ళు రేకు సంఖ్య, దాని మీదున్న రాగం పేరు పెట్టండి. భజన పుస్తకం అట్ట ఫొటో వద్దు.