తృటికాల రేడియో స్ఫ… ఆ తరువాత ఏమిటి?

చుక్కల లెక్క:
ఒక మాట వారం రోజులుగా ప్రాణం తీస్తోంది. ఫాస్ట్ రేడియో బరస్ట్‌ల మీద తెలుగులో ప్రసంగం రాసుకుంటున్నాను. అంతరిక్షంలో ఎక్కడి నుంచో వచ్చి మిల్లీసెకన్లలో మాయమయ్యే రేడియో మెరుపులివి. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన ఉపన్యాసంలో వీటికి చక్కటి తెలుగు పేరు వాడారు. "తృటికాల రేడియో స్ఫ…" వరకే గుర్తుంది. స్ఫోటమా, స్ఫురణమా, స్ఫులింగమా? "వేగవంతమైన రేడియో పేలుళ్లు" అని మాత్రం చెప్పకండి. రేడియో తరంగాలన్నీ కాంతి వేగంతోనే వస్తాయి, వీటికి ప్రత్యేకంగా వేగమేమిటి? ఇక్కడ ఫాస్ట్ అంటే ఇలా వచ్చి అలా పోయేదని. అందుకే మొదటి మాట మీద నాకు అనుమానం లేదు. రెండోదే కావాలి.

అరసున్న:
రెండోదాని సంగతి తరవాత. మొదటి మాటే తప్పు. త్రుటి. వట్రసుడి కాదు, క్రారవడి.

రేడియో చెవి:
మొదలైంది. అమ్మా చుక్కల లెక్కా, మీ ప్రసంగం ఎప్పుడు?

చుక్కల లెక్క:
శనివారం. "తృటిలో తప్పిన ప్రమాదం" అని రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం కదండీ అరసున్న గారూ?

అరసున్న:
పేపర్లో రోజూ చూసేవన్నీ ఒప్పులైతే ఈ గుంపు మూసేసుకోవచ్చు.

పాతబడి:
అరసున్న గారు చెప్పింది నిజమే, కానీ కారణం చెప్పలేదు. మన నోట్లో ఋ "రు"గా పలుకుతుంది. అందుకని తృ, త్రు రెండూ చెవికి ఒకటే. ఏది రాయాలో చెవి చెప్పదు. హిందీవాళ్ల నోట్లో ఋ "రి" అవుతుంది. ఈ మాట నిజంగా తృటి అయితే వాళ్లు "త్రిటి" అనాలి. అనరు. "త్రుటి" అంటారు. వాళ్ల నోరే మనకు సాక్ష్యం. వట్రసుడి పెడితే మాట ఇంకాస్త సంస్కృతంగా కనిపిస్తుందని మనవాళ్ల భ్రమ. నేను ముప్పై ఏళ్లు పిల్లల నోటు పుస్తకాల్లో ఆ సుడిని ఎర్ర సిరాతో కొట్టేస్తూ వచ్చాను. మర్నాడు మళ్లీ అదే సుడి.

నిఘంటుప్రియ:
మాస్టారికి తోడు నాదొక మాట. అమరంలో "స్త్రియాం మాత్రా త్రుటిః" అని ఉంది. ధాతువు త్రుట్, అంటే తెగడం, విరగడం. కాలంలోంచి విరిగిపడ్డ ముక్క అన్నమాట. తృట్ అంటే దప్పిక. మీ తృటికాలం దాహపు వేళ అవుతుంది.

రేడియో చెవి:
దాహపు వేళ కూడా తప్పేం కాదు. 2001 జులై 24న ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్ రికార్డు చేసుకున్న మొదటి మెరుపు 2007 దాకా టేపుల్లోనే పడి ఉంది. డంకన్ లోరిమర్ బృందం పాత డేటా తవ్వుతుంటే బయటపడింది. 5 మిల్లీసెకన్ల లోపే. అలాంటిది ఇంకోటి కనబడాలని ఎంత దాహమో, 2013లో ఒకేసారి 4 బయటికొచ్చేదాకా నమ్మినవాళ్ల కంటే నమ్మనివాళ్లే ఎక్కువ.

పోతన పిచ్చి:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. త్రుటి అంటే ఎంతో ఎవరూ చెప్పలేదేం? భాగవతం తృతీయ స్కంధంలో లెక్క ఉంది. నాడిక అంటే మన 24 నిమిషాలు. అందులో 15 లఘువులు, లఘువులో 15 కాష్ఠలు, కాష్ఠలో 5 క్షణాలు, క్షణంలో 3 నిమేషాలు, నిమేషంలో 3 లవాలు, లవంలో 3 వేధలు, వేధలో 100 త్రుటులు. కాగితం మీద భాగించుకుంటూ వస్తే త్రుటి దాదాపు 0.47 మిల్లీసెకను. అంటే 5 మిల్లీసెకన్ల మెరుపుకి పది త్రుటులు. ఆ పెద్దాయన ఊరికే వాడలేదండీ ఆ మాట.

చుక్కల లెక్క:
అబ్బ! ఇది ప్రసంగంలో పెట్టేస్తున్నాను. నేను మొదట "క్షణిక రేడియో" అని రాసుకున్నాను.

నిఘంటుప్రియ:
క్షణిక అసలు వద్దు. అమరం ప్రకారం 12 క్షణాలు ఒక ముహూర్తం. 48 నిమిషాల్ని 12తో భాగించండి. క్షణం అంటే 4 నిమిషాలు! "ఒక్క క్షణం ఆగు" అని మనం అన్నప్పుడల్లా అమరసింహుడి లెక్కలో 4 నిమిషాలు నిలబెడుతున్నాం. అదే అమరం లెక్కలో నిమేషం సుమారు 15 మిల్లీసెకన్లు. కాబట్టి "నైమేషిక" అన్నా సరిపోయేదే.

అరసున్న:
ఎవరి త్రుటి అని అడగాలి ముందు. భాస్కరాచార్యుల సిద్ధాంత శిరోమణిలో నిమేషానికి 30 తత్పరలు, తత్పరకి 100 త్రుటులు. ఆ త్రుటి సెకనులో 33,750వ వంతు. భాగవతంలో త్రుటి దాని కంటే 16 రెట్లు పెద్దది. పది త్రుటులని వేదిక మీద చెప్తే, ముందు వరసలో నాలాంటివాడు ఒకడు లేస్తాడు.

రేడియో చెవి:
33,750వ వంతంటే దాదాపు 30 మైక్రోసెకన్లు. తమాషా ఏమిటంటే, 121102 అని పిలిచే మూలం నుంచి వచ్చిన మెరుపుల్లో 30 మైక్రోసెకన్లంత సన్నటి పోగులు కూడా దొరికాయి. ఇది చూసి "మనవాళ్లకు అప్పుడే తెలుసు" అని ఎవరూ పోస్టు పెట్టకండి, దండం పెడతాను. అది కాకతాళీయం.

పాతబడి:
కాకతాళీయం అన్న మాట సరిగ్గా వాడారు. ఈమధ్య దాన్ని "అప్రయత్నంగా" అనే అర్థంలో వాడేస్తున్నారు…

చుక్కల లెక్క:
మాస్టారూ, దానికి వేరే చర్చ పెడదాం. నా స్ఫ?

పోతన పిచ్చి:
స్ఫ దగ్గరికే వస్తున్నాను, కానీ త్రుటి గురించి ఒకటి చెప్పకుండా పోలేను. దశమ స్కంధంలో గోపికలు అంటారు, "త్రుటి యుగాయతే త్వామపశ్యతాం". నువ్వు కనబడకపోతే ఒక్క త్రుటి యుగమవుతోంది అని. కాలానికి అంతకంటే కొలమానం ఉందా?

అరసున్న:
"త్రుటిర్యుగాయతే" అని ఇంకో పాఠం ఉంది.

పోతన పిచ్చి:
ఉంది. కుంటుతుంది. ర్యు వచ్చిందంటే ముందున్న టి గురువైపోతుంది. పై పాదం "అటతి యద్భవాన్" చూడండి, మొదటి మూడూ లఘువులే. "త్రుటి యుగా" కూడా అంతే. నా ఓటు విసర్గ లేనిదానికే.

నిఘంటుప్రియ:
ఛందస్సు ఎత్తారు కాబట్టి, తృ-త్రు తగువు ఛందస్సుతోనే తీర్చొచ్చు. వట్రసుడి అచ్చు, దాని ముందక్షరం గురువు కాదు. క్రారవడి హల్లు, ముందక్షరాన్ని గురువు చేస్తుంది. సమాసంలో త్రుటి ముందు లఘువున్న పద్యం ఒకటి దొరికితే చాలు. గోపికల శ్లోకం పనికిరాదు, త్రుటి పాదం మొదట్లో ఉంది, పైగా దాని ముందున్న "కాననం" సున్నతో ఎలాగూ గురువే.

పాతబడి:
వెతుకుతాను. రెండ్రోజులు టైమివ్వండి.

రేడియో చెవి:
త్రుటి యుగమవడం గురించి గోపికలు ఏమన్నారో గానీ, మా తెర మీద రోజూ జరిగేది అదే. మెరుపు పుట్టినప్పుడు అన్ని పౌనఃపున్యాలూ ఒకేసారి బయల్దేరతాయి. దారిలో గెలాక్సీల మధ్యా, గెలాక్సీల్లోనూ చెదిరివున్న ఎలక్ట్రాన్లు తక్కువ పౌనఃపున్యాల్ని ఎక్కువ ఆలస్యం చేస్తాయి. పౌనఃపున్యం సగమైతే ఆలస్యం నాలుగింతలు. దారిలో తగిలిన ఎలక్ట్రాన్ల మొత్తానికి డీఎం అని కొలత. లోరిమర్ మెరుపుకి అది 375. డీఎం 500 ఉన్న మెరుపు 800 మెగాహెర్ట్జ్ దగ్గర కనబడ్డాక, 400 దగ్గర కనబడటానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. మేం దాన్ని వాటర్‌ఫాల్ ప్లాట్ అంటాం. పై నుంచి కిందికి వంపు తిరిగిన ఒక సన్నటి గీత, చుట్టూ ఇసక చల్లినట్టు రొద. ఆ వంపుని కంప్యూటర్ వేలకొద్దీ డీఎంలు పెట్టి నిటారుగా సర్ది చూస్తుంది. సరైన డీఎం తగిలినప్పుడు 10 సెకన్ల గీత ముడుచుకుని మళ్లీ కొన్ని మిల్లీసెకన్ల ముల్లు అవుతుంది. యుగం మళ్లీ త్రుటి అయినట్టు.

పోతన పిచ్చి:
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాతబడి:
వాటర్‌ఫాల్‌కి "ధార" అనొచ్చు కదా. జలపాతం అంటే నీళ్లు వచ్చిపడతాయి.

చుక్కల లెక్క:
నా స్ఫ…

నిఘంటుప్రియ:
నా ఓటు స్ఫోటానికి. బరస్ట్‌కి సరిగ్గా సరిపోతుంది. పైగా భర్తృహరి స్ఫోటవాదం గుర్తుకొస్తుంది. వర్ణాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చినా అర్థం మాత్రం అఖండంగా ఒక్కసారే భళ్లున విచ్చుకుంటుందని కదా. పౌనఃపున్యాలు ఒకటొకటిగా వచ్చి, సర్దాక ఒక్క ముల్లుగా తేలడం అదే కాదూ?

అరసున్న:
ఉపమానం బాగుంది, మాట బాగాలేదు. స్ఫోటం అంటే పగలడం. పగిలినది మళ్లీ పగలదు. 121102 మళ్లీ మళ్లీ మెరుస్తుందని 2016లోనే తేలింది. చైనాలో ఫాస్ట్ అనే టెలిస్కోప్ 2019లో 47 రోజుల వ్యవధిలో దాని నుంచి 1652 మెరుపులు పట్టింది. ఒక కుండ 1652 సార్లు పగులుతుందా?

రేడియో చెవి:
అరసున్న గారికి ఈ లెక్కలన్నీ తెలుసని ఇప్పుడే తెలిసింది. దాని జోరు ఒకప్పుడు గంటకు 122 దాకా వెళ్లింది. అయితే అన్నీ అలా కావు. కెనడాలోని చైమ్ టెలిస్కోప్ 2021లో ఇచ్చిన మొదటి కేటలాగ్‌లో 536 మెరుపులున్నాయి. అందులో మళ్లీ మళ్లీ వచ్చేవి 18 మూలాల నుంచి 62 మాత్రమే. మిగతావి ఇప్పటికైతే ఒక్కసారి మెరిసినవి. అవి నిజంగా ఒక్కసారివా, మళ్లీ మెరిసినప్పుడు మనం అటు చూడలేదా అన్నది వేరే తగువు. ఒక్క మాట మాత్రం ఖాయం. 2020 ఏప్రిల్ 28న మన గెలాక్సీలోనే ఒక మాగ్నెటార్, అంటే విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న న్యూట్రాన్ నక్షత్రం, ఇలాంటి మెరుపే విసిరింది. ఆ తర్వాత కూడా ఆ మాగ్నెటార్ అక్కడే ఉంది, పగల్లేదు.

పోతన పిచ్చి:
అందుకే స్ఫురణం. స్ఫురణంలో అదరడం ఉంది, మెరవడం ఉంది, మనసుకి తట్టడం ఉంది. ఎన్నిసార్లయినా స్ఫురించొచ్చు. నాకెందుకో గజేంద్రుడి మొరలో "పెంజీకటి కవ్వల" వెలిగేవాడు గుర్తొస్తున్నాడు. లోకాలన్నీ పోయాక మిగిలిన పెనుచీకటికి అవతల…

అరసున్న:
కవ్వల అని విడిగా రాయకండి. చీకటికి, అవ్వల. "కవ్వల" అనే ఊరేదో ఉన్నట్టు అనిపిస్తోంది.

పోతన పిచ్చి:
అచ్చులో అలాగే విరుస్తారండీ. నేను విరవలేదు, పోతన విరవలేదు.

రేడియో చెవి:
పెంజీకటి కవ్వల వెలిగినవాడి సంగతేమో గానీ, మాకు ఒకసారి గోడ అవతల వెలిగినవాడు ఎదురయ్యాడు. పార్క్స్‌లోనే ఏళ్ల తరబడి కొన్ని సంకేతాలు వచ్చేవి, అచ్చం ఆ మొదటి మెరుపులాగే వంపు తిరిగి. వాటికి పెరిటాన్ అని పేరు పెట్టారు, రెక్కల జింకలా ఉండి మనిషి నీడ పడే ఒక ఊహాజీవి పేరది. 2015లో తేలింది ఏమిటంటే, మైక్రోవేవ్ ఓవెన్ ఇంకా తిరుగుతుండగానే ఎవరో ఓపిక లేక తలుపు తీసినప్పుడు వచ్చేవి అవి. మొదటి మెరుపు కూడా అదే బాపతేమోనని చాలామంది అప్పటికే అనుమానపడ్డారు. కాదని తేలింది.

పాతబడి:
అయితే ఇంకో సంగతి. హిందీలో త్రుటి అంటే తప్పు, లోపం. సంస్కృతంలోనూ ఆ ఛాయ ఉంది. అంటే ఆ మొదటి మెరుపు కాలపు త్రుటా, యంత్రపు త్రుటా అని ఇన్నేళ్లు కొట్టుకున్నారన్నమాట! చుక్కల లెక్క గారూ, ఆ మాట వదలకండి. క్రారవడితో.

చుక్కల లెక్క:
వదలను మాస్టారూ. మొదటి మాట మీద ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. ఇప్పటికి స్ఫోటానికి ఒకటి, స్ఫురణానికి ఒకటి. స్ఫులింగానికి ఎవరూ లేరా?

రేడియో చెవి:
స్ఫులింగం అంటే నిప్పురవ్వ. వేడికి పుట్టే వెలుగైతే ఇంత కొద్ది చోటు నుంచి ఇంత ప్రకాశం రాదు. వేడికి దీనికి సంబంధం లేదు. వద్దు.

అరసున్న:
అసలు మీరు ఆ పేరు చదివారా, విన్నారా?

చుక్కల లెక్క:
విన్నాను. ఉపన్యాసం అన్నాను కదండీ.

అరసున్న:
విన్నది స్ఫ అని ఎలా చెప్తున్నారు? ఒత్తు ఫ మన నోట్లో ఎంతమంది సరిగ్గా పలుకుతారు? ఆయన స్ప అని ఉండొచ్చు. తృ, త్రులకి చెవి పనికిరాదని మాస్టారు మొదట్లోనే చెప్పారు. ఇదీ అంతే.

నిఘంటుప్రియ:
స్పందం!

పోతన పిచ్చి:
ఆగండాగండి. స్పందం అంటే నాడి కొట్టుకోవడం. అది పల్సార్‌కి, లెక్క తప్పకుండా రేడియో తరంగాలు కొట్టే నక్షత్రానికి.

రేడియో చెవి:
217 మిల్లీసెకన్లకొకసారి చొప్పున, 3 సెకన్ల పాటు క్రమంగా కొట్టుకున్న మెరుపు కూడా ఒకటి దొరికింది, 2019 డిసెంబర్ 21న. దానికి స్పందం అంటే కాదనేదెవరు?

చుక్కల లెక్క:
నిన్నటిదాకా మూడు మాటల మధ్య కొట్టుకున్నాను, ఇప్పుడు నాలుగు.

పాతబడి:
లఘువు తరవాత త్రుటి వచ్చిన సమాసం ఒకటి దొరికింది. కానీ ఒక అచ్చులో త్రు, ఇంకో అచ్చులో తృ. రెంటిలోనూ గణాలు సరిపోతున్నాయి, ఎందుకంటే అక్కడ గణం ఎటైనా చెల్లుతుంది. ఇంకోటి వెతుకుతాను.