పిన్నర్‌లో జాతర రోజు సామాను దింపుకోవచ్చా?

కొత్తగా వచ్చినవాడు:
అందరికీ నమస్తే. కరీంనగర్ నుంచి వచ్చి మూడు నెలలైంది, ఇప్పటిదాకా హౌన్స్‌లోలో షేరింగ్. మే నెలాఖరున పిన్నర్ హై స్ట్రీట్ పక్కన చిన్న ఫ్లాట్‌లోకి మారుతున్నాం, వ్యాను బుధవారానికి మాట్లాడాను. ఏజెంటేమో ఆ రోజు ఫెయిర్, రోడ్డు మూసేస్తారంటున్నాడు. వారం మధ్యలో లండన్‌లో జాతరేంటి?

ఈస్ట్‌కోట్ అన్న:
నిజమే తమ్ముడూ. మే చివరి సోమవారం సెలవుంటుంది చూడు, స్ప్రింగ్ బ్యాంక్ హాలిడే, దాని తర్వాతి బుధవారం. అప్పట్లో ఈ నేలంతా కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌ది, ఇక్కడ సంత, జాతర జరుపుకోమని 1336లో మూడో ఎడ్వర్డ్ రాజు హక్కు రాసిచ్చాడు. ఇప్పుడు రంకులరాట్నాలు, పీచుమిఠాయి, అంతే. వీధి చివర మిట్ట మీద చర్చి ఇంకా పాతది, 1321. దాని ఆవరణలో లౌడన్ అనే తోటల నిపుణుడు అమ్మానాన్నలకు కట్టించిన సమాధి చూడు, మధ్యలోంచి శవపేటిక బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మావాడు మొదటిసారి చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు.

గుంటూరు వదిన:
జాతర సంగతి సరే, అది కన్జర్వేషన్ ఏరియానా, అంటే పాత రూపు మారకుండా కౌన్సిల్ కాపాడే చోటా, అడిగావా? మేము ఇలాంటి పాత ఊళ్ళోనే ఉండేవాళ్ళం, పేరు ఎందుకులే. పెరట్లో చెట్టు అడ్డమొచ్చి బట్టలు ఆరేవి కావు, ఆదివారం మా ఆయన రంపం తెచ్చి పెద్ద కొమ్మ కొట్టేశారు. అలాంటి చోట కాస్త లావు చెట్టు కొమ్మ కొట్టాలన్నా కౌన్సిల్‌కి ఆరు వారాల ముందు చెప్పాలట, మాకేం తెలుసు! పక్కింటి పెద్దావిడ చెప్పినట్టుంది, ఓనరుకి ఉత్తరం వచ్చింది. ఆయన డిపాజిట్ మొత్తం పట్టుకుంటానని కూర్చున్నాడు. నెల రోజులు టెన్షన్. తీరా చూస్తే ఆ డిపాజిట్‌ని 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న డిపాజిట్ రక్షణ స్కీములో పెట్టాల్సింది, పెట్టనేలేదు. కోర్టుకెళ్తే మూడు రెట్ల దాకా కట్టిస్తారని మెయిల్ పెడితే నాలుగో రోజు డబ్బులొచ్చాయి. నువ్వు మాత్రం స్కీము కాగితం చేతికొచ్చిందాకా వదలకు. డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించి ఇవ్వకు.

హ్యారో పాతకాపు:
అసలు పిన్నర్ లండన్ ఏంటి, మిడిల్‌సెక్స్ జిల్లా! డూమ్స్‌డే పుస్తకంలో, అదే 1086 నాటి రాజుగారి భూముల లెక్కలో, ఉన్న ఊరు.

ఈస్ట్‌కోట్ అన్న:
మీరు మళ్ళీ మొదలెట్టారా! ఆ పుస్తకంలో ఉన్నది హ్యారో. పిన్నర్ పేరు కనపడేది 1231లో, పిన్నోరా అని. మిడిల్‌సెక్స్ 1965లోనే పోయింది.

హ్యారో పాతకాపు:
పోయింది కౌన్సిల్, జిల్లా కాదు. నేను ఇరవై ఏళ్ళుగా అడ్రసులో రాస్తున్నా, ఒక్క ఉత్తరం తప్పిపోలేదు.

ఈస్ట్‌కోట్ అన్న:
పోస్ట్‌కోడ్ చూసి వేస్తారండీ, మీరు కృష్ణా జిల్లా అని రాసినా వస్తుంది. 1885లో మెట్రోపాలిటన్ రైలు వచ్చేదాకా ఇవి పొలాలు. ఆ తర్వాత రైలు కంపెనీయే మెట్రోల్యాండ్ అని ప్రకటనలేసి ఇళ్ళు అమ్మింది. మీ సెమీ, అదే పక్కింటితో గోడ కలిసిన ఇల్లు, కూడా ఆ 1930ల సరుకే, అందుకే గోడలకి చెమ్మ.

హ్యారో పాతకాపు:
మా ఇంటి చెమ్మ జోలికి రావద్దు.

కొత్తగా వచ్చినవాడు:
థాంక్స్ అన్నా, వదినా. అయితే వ్యాను మంగళవారం సాయంత్రానికి మార్చనా?

గుంటూరు వదిన:
వద్దయ్యా, రాట్నాలవాళ్ళ లారీలు అప్పుడే దిగుతాయి. గురువారం పెట్టుకో.