విదేశీ పత్రికలో, రేడియోలో వలంటీర్‌గా చేసినవాళ్లున్నారా?

పాలమూరు_డెస్క్:
ఒక జిల్లా ఎడిషన్‌లో సబ్‌ఎడిటర్‌ని. సెలవు పెట్టి కొన్ని నెలలు ఘనాలో ఏదైనా పత్రికలోనో, ఎఫ్ఎం స్టేషన్‌లోనో జీతం లేకుండా పనిచేయాలని ఉంది. ఒక ఏజెన్సీ వాళ్లు బస, భోజనం, పని చూపించడం అన్నీ కలిపి పెద్ద మొత్తమే అడుగుతున్నారు. జీతం లేని పనికి మనమే ఎదురు కట్టడం మామూలేనా? ఇంగ్లిష్ ఒక్కటీ వస్తే సరిపోతుందా?

మైక్_ముందు:
కట్టించుకోవడం మామూలే అన్నా. కాకపోతే అందులో స్టేషన్‌కి ఎంత చేరుతుందో అడగండి. నేను ఘనా రాజధాని అక్రాలో ఒక ఎఫ్ఎంలో చేశాను. నేను కట్టినదాంట్లో తమకేమీ రాలేదని అక్కడి ప్రొడ్యూసరే చెప్పాడు. విని చాలా బాధేసింది.

ఇక భాష సంగతి. పత్రికలకైతే ఇంగ్లిష్ చాలు. 1950లో మొదలైన డైలీ గ్రాఫిక్ ఇంగ్లిష్ పత్రికే. రేడియో అలా కాదు. 1999లో వచ్చిన పీస్ ఎఫ్ఎం అకాన్ భాషలో కార్యక్రమాలు నడిపి జనంలోకి వెళ్లింది. పొద్దున షోలో ఆ రోజు పత్రికల హెడ్డింగులు చదువుతారు, పార్టీల వాళ్లను కూర్చోబెట్టి వాదన పెడతారు, శ్రోతల ఫోన్లు తీసుకుంటారు. ట్రోట్రో అనే షేర్ వ్యాన్లలో, మార్కెట్లలో అందరూ వినేది అదే. అకాన్‌లో ఒక మాండలికమైన ట్వి రానివాళ్లకు అక్కడ మైక్ దగ్గర పనేమీ ఉండదు. నేను స్టేషన్‌కి ఉపయోగపడింది ఇంటర్వ్యూల ఆడియో కట్ చేయడంలో, ఇంగ్లిష్ బులెటిన్ కాపీ దిద్దడంలో, పాత రికార్డింగులకు పేర్లు, తేదీలు పెట్టి భద్రపరచడంలో. మీరు డెస్క్ మనిషి కాబట్టి నాకంటే ఎక్కువ పనికొస్తారు.

గోదావరి_గట్టు:
ఏజెన్సీలన్నీ దండగ అనను. నాకు అక్కడ మలేరియా వచ్చినప్పుడు రాత్రికి రాత్రి ఆసుపత్రిలో చేర్పించింది ఏజెన్సీ మనిషే. మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆ అండ అవసరం.

కాపీ_టేస్టర్:
ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. వార్త రాసేసి మనం విమానం ఎక్కేస్తాం. మనతో తిరిగిన లోకల్ రిపోర్టర్ అదే ఊళ్లో బతకాలి. ఘనాలో పరువు నష్టాన్ని నేరంగా చూసే చట్టాన్ని 2001లో ఎత్తేశారు, పత్రికలకు స్వేచ్ఛ ఉన్న దేశమనే పేరుంది. అయినా 2019 జనవరిలో అహ్మద్ హుస్సేన్ సువాలే అనే పరిశోధక విలేకరిని అక్రాలోనే కాల్చి చంపారు. అందుకే అవినీతి వార్తలు బయటపెడదామని ఉత్సాహంగా వెళ్లే మన పిల్లలకు నేను గట్టిగా చెబుతాను: ఆ వార్త రాయాలా వద్దా అన్నది అక్కడివాళ్లే తేల్చాలి. బైలైన్, అంటే వార్త మీద వేసే పేరు, కూడా వాళ్లదే ఉండాలి.

ఇంకోటి. ప్రెస్‌మీట్ అయ్యాక విలేకరులకు దారిఖర్చుల పేరుతో డబ్బిస్తారు, సోలీ అంటారు. మన దగ్గర కవర్లు తెలిసినవాళ్లకు ఆశ్చర్యమేమీ ఉండదు. మీరు మాత్రం తీసుకోకండి. అలాగని అక్కడి కొలీగ్స్‌కి నీతులు చెప్పకండి, వాళ్ల జీతాలు చాలా తక్కువ.

కొండదారి:
ఘనాయే ఎందుకండీ? నేపాల్ చూడండి. వీసా అక్కర్లేదు, హిందీ వస్తే మన సరిహద్దు వెంట ఉన్న తరాయి మైదానాల్లో సగం పని అయిపోతుంది. దక్షిణాసియాలో మొదటి స్వతంత్ర కమ్యూనిటీ రేడియో, రేడియో సాగర్‌మాథా, 1997లో కాఠ్మాండూలోనే మొదలైంది. ఇప్పుడు అక్కడ ఇలాంటివి వందల్లో ఉన్నాయి. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో భవనాలు దెబ్బతిన్న స్టేషన్లు కొన్ని టెంట్లలోంచి ప్రసారం చేశాయి. సాయం ఎక్కడ అందుతోందో, ఏ దారి మూసుకుపోయిందో ఊళ్లవాళ్లు రేడియోలోనే విన్నారు. రేడియో అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ మనుషుల మధ్య కూర్చున్నాకే.

అంతకంటే ముందు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ వెళ్లి సంఘం రేడియో చూసి రండి. దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్నారు.

మైక్_ముందు:
ఘనాకే వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేయించుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఎయిర్‌పోర్ట్ నుంచే క్వారంటైన్‌కి పంపుతారు. టూరిస్టు వీసా మీద జీతం లేని పని కూడా చాలా దేశాల్లో కుదరదు. ఎంబసీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

పాలమూరు_డెస్క్:
అందరికీ థ్యాంక్స్. ఏజెన్సీని పక్కనపెట్టి నేరుగా ఒక పత్రికకే రాద్దామనిపిస్తోంది. మెయిల్‌లో ఏం రాయాలి?

కాపీ_టేస్టర్:
ఘనా మీద మీకున్న ప్రేమ గురించి రాయకండి. ఏ పని చేయగలరో, రోజుకి ఎన్ని గంటలు ఉంటారో, ఎప్పటిదాకా ఉంటారో రాయండి. మీ ఖర్చులు మీరే చూసుకుంటారని ముందే చెప్పండి. మీ దగ్గర ఏ పని ఆగిపోయి ఉందని వాళ్లనే అడగండి. జవాబు రాకపోతే న్యూస్ ఎడిటర్ వాట్సాప్ నంబర్ కనుక్కుని మెసేజ్ పెట్టండి, మెయిల్ కంటే అదే ముందు చూస్తారు.