టార్చి బల్బు పదేపదే మాడిపోతోంది. తప్పు బల్బుదా, సెల్లదా?

అడిగినవారు:
మా నాన్నగారు వాడిన పాత టార్చిలైటు నా దగ్గరుంది. లావు సెల్లు రెండు పడతాయి, లోపల మామూలు తీగ బల్బు. రోజూ రాత్రి అరగంట వాడతాను. నెలలో మూడు బల్బులు పోయాయి. రెండు స్విచ్ వేయగానే తళుక్కుమని ఆరిపోయాయి. ఒకటి వెలుగుతూ ఉండగానే పోయింది. సెల్లు ఎప్పుడూ కొత్తవే, ఆల్కలైన్‌వి. వెలుగు కాస్త పచ్చబడగానే మార్చేసి, తీసినవి గోడ గడియారంలో వేస్తాను. ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నా ఎందుకిలా? నాకు నకిలీ బల్బులు అంటగట్టారా? సగం దారిలో ఆరిపోతుందేమోనని రోజూ టెన్షన్‌గా ఉంటోంది.

మొదటి జవాబు:
పోయిన బల్బులు పారేయలేదు కదండీ? వాటిని వెలుతురులో పట్టుకుని గాజు చూడండి. లోపల నల్లటి మసి పొర ఉంటే తీగ వేడికి అరిగి అరిగి తెగిందని అర్థం. ఆ నలుపు ఆవిరైన టంగ్‌స్టనే. తెల్లటి బూడిదలా ఉంటే గాజు ఎక్కడో పగిలి గాలి దూరింది. గాజు శుభ్రంగా ఉండి తీగ మాత్రమే తెగి ఉంటే, అది చాలావరకు దెబ్బ తగిలి పోయినదే. అలాగే బల్బు మెడ మీద ఏ అంకెలున్నాయో చూసి రాయండి.

అడిగినవారు:
మూడూ ఉన్నాయండి. స్విచ్ వేయగానే పోయిన రెండింటికీ నలుపు ఉంది. మూడోదాని గాజు తేటగా ఉంది. మెడ మీద మూడింటికీ 2.38 వోల్టులు, 0.5 ఆంపియర్ అని ఉంది. రెండు సెల్లకు ఈ బల్బే వేయాలన్నారు.

మొదటి జవాబు:
సరైన బల్బే. నకిలీ అని ఇప్పుడే అనుకోకండి. ఈ రకం బల్బుకు రాసిపెట్టిన ఆయుష్షు 15 గంటలే! ఇంట్లో బల్బులా వెయ్యి గంటలు రాదు. చిన్న తీగలోంచి తెల్లటి వెలుగు రప్పించాలంటే దాన్ని బాగా కాల్చాలి, ఆ వెలుగు కోసమే ఆయుష్షు తగ్గించి చేస్తారు. రోజుకు అరగంట అంటే లెక్క ప్రకారం నెల రోజులు రావాలి. మీకు పది రోజులకు ఒకటి పోతోంది, అంటే 5 గంటలు. మీ దగ్గర మీటరు ఉంటే, బల్బు వెలుగుతూ ఉండగా రెండు సెల్ల మీద వోల్టేజి కొలవండి. కొత్త సెల్లతో ఒకసారి, మీరు మార్చేసే ముందు ఇంకోసారి.

అడిగినవారు:
కొలిచాను. కొత్తవాటితో 2.86. పచ్చబడ్డాయని తీసేసిన వాటితో 2.5.

మొదటి జవాబు:
అయితే దొరికింది. పనికిరావని మీరు తీసేస్తున్న సెల్లు కూడా బల్బుకు రాసిన 2.38 కంటే ఎక్కువే ఇస్తున్నాయి. సెల్లు వాడేకొద్దీ దిగుతాయి కాబట్టి, సగటు చూసుకుని బల్బుకు తక్కువ వోల్టేజి రాస్తారు. మొదట్లో ఎక్కువ తిన్నా, తర్వాత తక్కువతో వెలిగి సరిపెట్టుకుంటుంది. మీరు దానికి ఆ రెండో సగమే రానివ్వడం లేదు, ఎప్పుడూ పై అంచునే నడుపుతున్నారు. వోల్టేజి 10 శాతం పెరిగితే వెలుగు 40 శాతం దాకా పెరుగుతుంది, ఆయుష్షు మాత్రం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. మీకు 15 బదులు 5 గంటలు వస్తున్నది అందుకే. మీ జాగ్రత్తే బల్బును తినేస్తోందని చెప్పడానికి బాధగానే ఉంది, కానీ కారణం అదే.

ఇక స్విచ్ వేయగానే పోవడం సంగతి. చల్లగా ఉన్న తీగకు నిరోధం చాలా తక్కువ, వెలిగేటప్పటి దానిలో పదో వంతు దాకా ఉంటుంది. అందుకే మొదటి క్షణంలో కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. అప్పటికే అరిగి సన్నబడిన చోటు అన్నిటికంటే ముందు కాలి తెగిపోతుంది. చంపింది స్విచ్ అనిపిస్తుంది కానీ, తీగ అప్పటికే చివరి దశలో ఉంది.

రెండో జవాబు:
నాదొక ప్రశ్న. గాజు తేటగా ఉన్న మూడోది పోయినప్పుడు టార్చి ఎక్కడైనా తగిలిందా?

అడిగినవారు:
తగల్లేదు, నేనే కొట్టాను. ఒక్కోసారి వెలగదు. అరచేతిలో రెండు దెబ్బలు వేస్తే వెలుగుతుంది.

రెండో జవాబు:
ఆ దెబ్బలు మానేయండి. కొన్ని గంటలు వెలిగిన తీగ పెళుసుబారి ఉంటుంది, కుదుపు తట్టుకోదు. వెలగకపోవడానికి కారణం కాంటాక్టులే అయి ఉంటుంది. సెల్లు తీసి, అడుగు స్ప్రింగు కొసను, బల్బు అడుగు చుక్కను, స్విచ్ రేకును నున్నటి ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్ది పొడి గుడ్డతో తుడవండి. పచ్చటి తుప్పు ఉంటే పూర్తిగా పోవాలి.

మూడో జవాబు:
మూడు సెల్ల బల్బు, 3.57 వోల్టులది, వేస్తే సరిపోదా? మాడదు.

మొదటి జవాబు:
మాడదు, నిజమే. కానీ రెండు సెల్లతో దాని అసలు వెలుగులో మూడో వంతే వస్తుంది, అదీ ఎర్రగా. దారి చూసుకోవాల్సిన మనిషికి ఆ సలహా నేను ఇవ్వలేను. దానికంటే రీచార్జి చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు మేలు. ఒక్కోటి 1.2 వోల్టుల దగ్గర చాలాసేపు నిలకడగా ఉంటుంది, రెండూ కలిపి 2.4. బల్బు మీది అంకెకు అచ్చంగా అతుకుతుంది. చార్జర్‌లోంచి తీసిన వెంటనే కాస్త ఎక్కువ చూపిస్తాయి, కొన్ని గంటలు ఆగి వేయండి. 3.7 వోల్టుల లిథియం సెల్లు మాత్రం ఈ టార్చిలో పెట్టవద్దు. రెండు వరసగా పడితే బల్బు ఆ క్షణమే పోతుంది.

మూడో జవాబు:
అదే బల్బు హోల్డరుకి సరిపడే ఎల్‌ఈడీ బల్బులూ ఉన్నాయి కదా?

మొదటి జవాబు:
ఉన్నాయి, నిర్భయంగా వాడొచ్చు. దాని మీద రాసిన వోల్టేజి పరిధిలో మీ సెల్లు ఉన్నాయో లేదో, ప్లస్ మైనస్ సరిగ్గా పడుతున్నాయో చూసుకోవాలి. ఆయనకు నాన్నగారి టార్చి వెలుగే కావాలేమో, అది ఆయన ఇష్టం.

అడిగినవారు:
ఆ వెలుగే కావాలండి. రీచార్జి సెల్లు వేశాను, కాంటాక్టులు శుభ్రం చేశాను. ఇప్పుడు కొట్టాల్సిన పనే లేదు. ఎన్ని నిమిషాలు వెలిగిందో రోజూ కాగితం మీద రాస్తున్నాను. ఇవాళ్టికి 11 గంటలు దాటింది, బల్బు బాగానే ఉంది. గాజు మీద నలుపు మాత్రం సన్నగా మొదలైంది. ఇప్పుడే మార్చేయనా?

మొదటి జవాబు:
ఇంకా వెలగనివ్వండి. 13 గంటల దగ్గర కొత్తది వేసి, ఇది ఇంట్లో పనికి ఉంచుకోండి. బయటికి వెళ్లేటప్పుడు ఇంకో బల్బు దూదిలో చుట్టి వెంట ఉంచుకోండి. దాచేముందు దాన్ని ఒకసారి వెలిగించి చూడండి.