ఫుడ్ ఎలర్జీ కాన్ఫరెన్స్‌కి మొదటిసారి వెళ్దామనుకుంటున్నాం, సలహా చెప్పండి

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

అందరికీ నమస్కారం. మేం ఇక్కడికొచ్చి అయిదు నెలలైంది. మా పాపకి నాలుగేళ్ళు, పల్లీలు, నువ్వులు, జీడిపప్పు మూడూ పడవు. గుంటూరులో ఉన్నప్పుడు ఒళ్ళంతా దద్దుర్లొస్తే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించేవాళ్ళం, ఇక్కడ టెస్టులు చేయించాకే సంగతి తెలిసింది. ఫుడ్ ఎలర్జీ ఉన్న పిల్లల కుటుంబాల కోసం రెండు రోజుల కాన్ఫరెన్స్ ఉంది, వీలైతే వెళ్ళండి అని ఎలర్జీ డాక్టర్‌గారు అన్నారు. రిజిస్ట్రేషన్, హోటలు, ఫ్లైటు అన్నీ కలిపితే చాలా అవుతోంది, మావారేమో అవన్నీ యూట్యూబ్‌లో ఉంటాయి కదా అంటున్నారు. నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ గబగబా మాట్లాడలేను. నిజంగా అంత ఖర్చు పెట్టి వెళ్ళాలా? పాపని తీసుకెళ్ళొచ్చా? వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి:

వెళ్ళమ్మా, పాపని కూడా తీసుకెళ్ళు. మా బాబుకి ఇప్పుడు పన్నెండేళ్ళు, వాడికి పల్లీలు, నువ్వులు పడవు, నేను ఇప్పటికి మూడుసార్లు ఇలాంటి వాటికి వెళ్ళాను. ముందు డబ్బు సంగతి. ఫీజు తగ్గించే వీలుందా, స్కాలర్‌షిప్ ఉందా అని ఆర్గనైజర్లకి ఒక ఈమెయిల్ పెట్టు, అడగడానికి మొహమాటపడకు. అదీ కుదరకపోతే ఫేర్ అని ఉంది చూడు, ఫుడ్ ఎలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్, 2012లో రెండు పాత సంస్థలు కలిసి ఏర్పడింది, అలాగే ఫ్యాక్ట్ అని ఇంకోటి ఉంది, వాళ్ళ సైట్లలో మీకు దగ్గర్లో సపోర్ట్ గ్రూపులేమున్నాయో వెతుకు, ఈ ఏడాదికి వాటితో మొదలుపెట్టినా తప్పేం లేదు.

యూట్యూబ్ గురించి మీవారన్నది సగం నిజమే. డాక్టర్ల ఉపన్యాసాలు చాలావరకు తర్వాత ఆన్‌లైన్‌లో పెడతారు. మొదటిసారి నేను వాటికోసమే వెళ్ళి రెండు రోజులూ నోట్సు రాసుకుని వచ్చేశాను, ఇంటికొచ్చి చూసుకుంటే అంతా పీనట్ బటర్, గ్రనోలా బార్, కప్ కేకుల గురించే ఉంది. గుత్తివంకాయలో కూరే కారం గురించి ఎవరు చెప్తారు మనకి? వాళ్ళకి మన వంటిల్లు తెలీదమ్మా, మనమే పట్టుకెళ్ళాలి. రెండోసారి వెళ్ళేముందు ఒక తెల్లకాగితం మీద మా వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా పేరు, అందులో ఏముందో ఇంగ్లీషులో రాసుకున్నాను, కందిపొడి, కరివేపాకు కారం, ఆవకాయ, ఇంగువ, నూనెలు, చివరికి దేవుడి దగ్గర పెట్టే నువ్వుల నూనె కూడా. సెషన్ అయ్యాక అక్కడి డైటీషియన్‌ని పట్టుకున్నాను. ఆవిడ వరండాలో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు ఆ కాగితం మీద ఒక్కో పేరుకీ గుర్తు పెట్టింది. నాకూ అప్పుడు ఇంగ్లీషు అంతంతమాత్రమే, కాగితం చేతిలో ఉంటే వేలితో చూపించినా చాలు.

ఆ రోజు తెలిసినవి కొన్ని చెప్తాను. వేరుశనగ నూనె బాగా రిఫైన్ చేసినదైతే ఇక్కడి చట్టం దాన్ని ఎలర్జీ పదార్థంగా లెక్కెయ్యదు, ఎందుకంటే అందులో ప్రోటీన్ దాదాపు మిగలదు. మనం ఆరోగ్యానికి మంచిదని ఏరికోరి తెచ్చుకునే గానుగ నూనె అలా కాదు, ప్రోటీన్ అందులోనే ఉంటుంది, మీ పాపకి అది అస్సలు వద్దు. నువ్వుల నూనె కూడా అంతే, ఆవకాయ ఏ నూనెతో పెట్టారో మీ అమ్మగారిని అడుగు. జీడిపప్పు పడనివాళ్ళకి చాలామందికి పిస్తా కూడా పడదు, రెండూ దగ్గరి చుట్టాలు, స్వీట్లలో వేసే సారపప్పుదీ ఆ కుటుంబమే, అది పెట్టేముందు డాక్టర్‌ని అడుగు. కొబ్బరి గురించి కంగారుపడకు, ఒకప్పుడు ఇక్కడ దాన్ని కూడా నట్స్‌లో కలిపి రాసేవాళ్ళు, 2025 జనవరిలో ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడ తిండినీ మందులనీ చూసే ప్రభుత్వ సంస్థ, ఆ లిస్టులోంచి తీసేసింది. మార్కెట్లో దొరికే ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, నీకది అవసరం లేదనుకో, గోధుమ పడని పిల్లలున్నవాళ్ళు ఇది చదువుతుంటే డబ్బా వెనక చూసుకోండి.

నువ్వుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2006 నుంచి ఇక్కడ ప్యాకెట్ల మీద ఎలర్జీ తెచ్చే 8 రకాల పదార్థాలు తప్పకుండా రాయాలన్న చట్టం ఉంది, నువ్వులు అందులో ఉండేవి కావు, మసాలాలు అనో ఫ్లేవర్ అనో రాసి ఊరుకునేవాళ్ళు, మేం ఆ రోజుల్లో ఒక్కో కంపెనీకీ ఫోన్ చేసి అడిగేవాళ్ళం. 2021లో చట్టం మార్చారు, 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదోది. మంచిదే జరిగింది అనుకుంటే, మిషన్లన్నీ నువ్వుల పొడి లేకుండా కడగడం కష్టమని కొన్ని బ్రెడ్డు కంపెనీలు కావాలనే కాస్త నువ్వుల పిండి కలిపి లేబుల్ మీద రాసేశాయి. అంటే అంతకుముందు మా బాబు తిన్న బన్నే తర్వాత వాడికి పనికిరాకుండా పోయింది. అందుకే ఎన్నిసార్లు కొన్న ప్యాకెట్ అయినా ప్రతిసారీ వెనక్కి తిప్పి చదవాలి. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ప్యాకెట్ల మీద అయితే నువ్వుల ఊసే ఉండకపోవచ్చు, ఇండియాలో తప్పకుండా రాయాల్సిన లిస్టులో పల్లీలున్నాయి గానీ నువ్వులు లేవు. "మే కంటెయిన్", అంటే ఇందులో కలిసి ఉండొచ్చు అని రాస్తారు చూడు, అది చట్టం ప్రకారం రాసేది కాదు, కంపెనీ ఇష్టం, కాబట్టి అది లేనంత మాత్రాన భయం లేదనుకోకు.

ఇంక నేను ఇంత గట్టిగా వెళ్ళమనడానికి అసలు కారణం. బాబుకి అయిదేళ్ళప్పుడు ఒక పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళాం. ఇడ్లీలు, రెండు గిన్నెల్లో రెండు చట్నీలు, ఒకటి పల్లీది ఒకటి కొబ్బరిది. నేను కొబ్బరి చట్నీ వేశాను. ఎవరో పల్లీ చట్నీలో పెట్టిన గరిటెనే ఇందులో పెట్టారు, అంతే. వాడికి గొంతులో ఏదో అయినట్టు దగ్గు, తర్వాత వాంతి, పెదాలు ఉబ్బాయి. నా బ్యాగులో పెన్ను ఉంది, అంటే ఎలర్జీ ముదిరినప్పుడు తొడకి పొడిచే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్, సూది అంటే భయమేసి బెనడ్రిల్, అదే దురదకీ దద్దుర్లకీ ఇక్కడ వాడే మందు, పట్టించి ఇంకో పావుగంట చూద్దాం అనుకున్నాను. ఆ పావుగంట ఇప్పటికీ గుర్తొస్తే చేతులు చల్లబడతాయి. మా పక్కింటావిడ నా బ్యాగు లాక్కుని తనే పొడిచి 911కి ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాతే మొదటిసారి కాన్ఫరెన్స్‌కి వెళ్ళాను. అక్కడ ఒక టేబుల్ మీద నారింజపళ్ళు పెట్టి ఉంచారు, డేటైపోయిన పెన్నులు ఉంటే తెచ్చుకోమని ముందే చెప్పారు. నీలం మూత తీశాను, నారింజరంగు కొసని పండుకి గట్టిగా నొక్కాను, టక్కుమని చప్పుడైంది, నర్సు పక్కనుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది, తీసి చూస్తే పండు మీద చిన్న తడి. ఇంతేనా అనిపించింది. ఇంతకా నేను భయపడింది అని అక్కడే ఏడ్చేశాను, ఆ నర్సు ఇంకో పెన్ను చేతికిచ్చి మళ్ళీ చెయ్యమంది. తొడకి బయటివైపు, బట్టల మీంచి అయినా సరే, బెనడ్రిల్ దానికి బదులు కాదు, అనుమానంగా ఉంటే ముందు పెన్ను ఆ తర్వాత 911. ఈ మాటలు నాకు యూట్యూబ్‌లో ముందే తెలుసమ్మా, చేతికి మాత్రం ఆ రోజే తెలిసింది.

ఇంకోటి, మా అత్తయ్యగారు వచ్చినప్పుడు క్రాస్ కాంటాక్ట్, అంటే పల్లీ తగిలిన గరిటో గిన్నో వాడి తిండికి తగలడం, అని ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు, కొంచెం తగిలితే ఏమవుతుంది, కొద్దికొద్దిగా పెడితే అదే అలవాటవుతుంది అనేవారు. మనం పడదు అంటే ఇష్టం లేదనో కాస్త దురదొస్తుందనో వింటారు పెద్దవాళ్ళు. ఒకరోజు, అత్తయ్యా, పల్లీ గరిటె వాడికి ఎంగిలి గరిటె లాంటిది, ముట్టుకుంటే కడగాలి అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడే నాకంటే గట్టిగా చూస్తున్నారు, వాడి గిన్నెలన్నీ వేరే అరలో పెట్టి ఎవరినీ తాకనివ్వరు. కడగడం అంటే సబ్బు నీళ్ళతో, శానిటైజర్ రాస్తే పల్లీ ప్రోటీన్ పోదు, చేతులకీ అంతే.

కేరీ, నార్త్ కరోలినా నుంచి:

అక్క అన్నీ చెప్పింది, నేను నాన్నల తరఫున రెండు ముక్కలు చెప్త. అన్నా, అంటే మీవారు, ఆయన్ని తప్పకుండా తీస్కపోండి. మా ఇంట్ల మూడేండ్లు మొత్తం నా భార్యనే చూస్కుంది, నాకు పెన్ను ఏ అరల ఉంటదో గూడ తెల్వకుండె. కాన్ఫరెన్స్‌ల నాన్నలందరు కూసొని మాట్లాడుకునే సెషన్ ఒకటి పెట్టిన్రు, అక్కడ కూసున్నంక గానీ సిగ్గనిపించలే నాకు. మాది కరీంనగర్, సంక్రాంతికి సకినాలు లేని ఇల్లుండదు, నువ్వులు లేని సకినాలుండయి. మా బిడ్డకు నువ్వులు పడయని ఇప్పుడు మా అమ్మ వాము మాత్రమే ఏసి సుడుతది, కొత్త బట్ట పరిచి, అందరికీ అవే.

ఎగ్జిబిషన్ హాల్‌ల మందుల కంపెనీల స్టాళ్ళు శానా ఉంటయి. జోలేర్ గురించి తప్పకుండా చెప్తరు, 2024 ఫిబ్రవరిల ఫుడ్ ఎలర్జీకి అప్రూవ్ అయింది, ఏడాది దాటిన పిల్లలకు గూడ ఇస్తరు, రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి ఇంజెక్షన్. మంచి మందే గానీ అది తీస్కున్నంక పల్లీలు తినొచ్చని కాదు, తెల్వక కొంచెం తగిల్తె పెద్ద రియాక్షన్ వచ్చే ఛాన్స్ తగ్గిస్తదని. స్టాల్ కాడ నిలబడి డిసైడ్ చేయకండి, కాగితాలు తెచ్చి మీ డాక్టర్‌కి చూపెట్టండి. శాంపిల్ ప్యాకెట్లు గూడ సంచి నిండ ఇస్తరు, ఒకరికి పడేది ఇంకొకరికి పడది, అక్కడ ఇచ్చిన్రు గదా అని సదవకుండ పాపకు పెట్టకండి. హోటల్ రూంల ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నయా అని ముందే అడగండి, మేము రైస్ కుక్కర్ తీస్కపోతం. ఫ్లైట్ ఎక్కేటప్పుడు ముందు ఎక్కనియ్యమని అడిగి సీటు, ట్రే తుడుసుకోండి.

స్కూల్ సెషన్ ఉంటే మాత్రం అస్సలు ఇడిసిపెట్టకండి. పబ్లిక్ స్కూల్ల 504 ప్లాన్ అని రాపిచ్చుకోవచ్చు, వైకల్యం ఉన్నోళ్ళ హక్కుల కోసం చేసిన 1973 చట్టంల 504 సెక్షన్ కింద వస్తది, పెన్ను ఏడ ఉండాలె, ఎవరు పొడవాలె, బర్త్‌డే కేకు వస్తె ఏం చేయాలె, అన్నీ కాగితం మీద ఉంటయి. వీసా మీద ఉన్నం మనకు ఇస్తరా అని నేను ఏడాది అడగలే, దానికీ దీనికీ సంబంధమే లేదు.

హారో, లండన్ నుంచి:

మా దగ్గర తప్పకుండా రాయాల్సిన లిస్టులో 14 ఉన్నాయి, అందులో నువ్వులు, ఆవాలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఆవాలు ఆ తొమ్మిదింట్లో లేవు, ఆవాలు పడనివాళ్ళు ఇక్కణ్ణుంచి అక్కడికి మారితే జాగ్రత్త. 2016లో నటాషా అనే పదిహేనేళ్ళ అమ్మాయి నువ్వులు కలిపిన బాగెట్ తిని చనిపోయింది, ప్యాకెట్ మీద ఆ సంగతి రాసి లేదు. వాళ్ళమ్మానాన్నలు పోరాడితే 2021 అక్టోబర్‌లో చట్టం వచ్చింది, షాపులోనే తయారుచేసి ప్యాక్ చేసినవాటి మీద కూడా ఇప్పుడు అన్నీ రాయాలి. ఆ చట్టాన్ని ఇక్కడ ఆ పిల్ల పేరుతోనే పిలుస్తారు. నువ్వులు చిన్న విషయం అనేవాళ్ళకి నేను ఈ మాటే చెప్తాను.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

చదువుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి అక్కా. మావారికి కూడా చూపించాను, ఇద్దరం వస్తాం అన్నారు, ఫీజు గురించి ఇప్పుడే మెయిల్ పెట్టాం. సాయంత్రం కూర్చుని డబ్బాల లిస్టు మొదలుపెట్టాను, ఇరవై ఆరు అయ్యాయి, అందులో తొమ్మిదింట్లో ఏముందో నాకే తెలీదు, అమ్మకి ఫోన్ చేయాలి. ఇంకొక్కటి అడగాలి, వేసవిలో గుంటూరు వెళ్దామనుకుంటున్నాం, పెన్నులు అక్కడ కొనుక్కోవచ్చా?

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి:

అక్కడ మందుల షాపులో సులువుగా దొరుకుతాయనుకోకు, ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళు, ఒక్కటి కాదు, కనీసం రెండు జతలు, డాక్టర్ చీటీతో సహా హ్యాండ్ బ్యాగులో. అవి 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి, గుంటూరు ఎండలో కారులో వదిలేస్తే పాడైపోతాయి, అలాగని ఫ్రిజ్‌లోనూ ఐసు మీదా పెట్టకూడదు, ఎండ తగలకుండా ఇన్సులేటెడ్ పౌచ్‌లో పెట్టుకో. పెన్నుతో పాటు ప్రాక్టీసుకి ఇచ్చే ట్రైనర్ ఉంటుంది చూడు, సూదీ మందూ ఉండవు దాంట్లో, దాన్ని మాత్రం అసలు పెన్నులున్న సంచిలో పెట్టకు. కంగారులో చేతికి ఏదొస్తే అదే తీస్తాం. మేం ట్రైనర్‌ని వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాం, ఆదివారం ఆదివారం మా బాబే దాంతో వాళ్ళ నానమ్మకి నేర్పిస్తాడు.