గుమ్మడికాయ సైడర్ రుచి చూడ్డానికి పిలిచారు, వెళ్ళనా?

వూస్టర్, మసాచుసెట్స్ (కొత్తగా వచ్చినవాణ్ణి):
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను. వచ్చే శనివారం మా ల్యాబ్ వాళ్ళు ఆపిల్ తోటకి వెళ్దామన్నారు. పళ్ళు కోసుకున్నాక అక్కడే 'పంప్‌కిన్ స్పైస్ హార్డ్ సైడర్' రుచి చూపిస్తారట. మొన్న స్టోర్‌లో ఆపిల్ సైడర్ అని గ్యాలన్ డబ్బా కొని, పొద్దున్నే ఉప్మాతో తాగాను. అది ఉత్త జ్యూసే! మరి ఈ 'హార్డ్' ఏంటి? గుమ్మడికాయతో డ్రింకా? నేనెప్పుడూ మందు ముట్టలేదు. వెళ్తే తాగాల్సిందేనా? నాకు 22 ఏళ్ళు.

బర్లింగ్టన్, వెర్మాంట్:
తమ్ముడూ, ముందు పేరు సంగతి తేల్చేద్దాం. అమెరికాలో ఉత్త 'సైడర్' అంటే వడకట్టని ఆపిల్ రసం. ముందు 'హార్డ్' చేరిందంటే పులిసిందని అర్థం, మందే. ఇంగ్లండ్‌లో మాత్రం ఉత్త సైడర్ అన్నా మందే. లండన్ నుంచి వచ్చిన మా చెల్లెలు, మా పిల్లల చేతుల్లో సైడర్ కప్పులు చూసి గుండె పట్టుకుంది.

పిండిన రసంలో ఈస్ట్ వేస్తే అది చక్కెరని తింటూ ఆల్కహాల్‌నీ గ్యాస్‌నీ వదుల్తుంది. అలా కొన్ని వారాలు. గుమ్మడి రకమైతే అందులో గుమ్మడి గుజ్జో రసమో, దాంతోపాటు దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, అల్లం, ఆల్‌స్పైస్ లాంటివి కలుపుతారు. కొందరు అసలు గుమ్మడి జోలికే పోరు, మసాలాతో సరిపెట్టేస్తారు.

గ్లాసు చేతికి రాగానే గటగటా తాగెయ్యకు. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు, రెండు నిమిషాలు అరచేతుల మధ్య పట్టుకో. ముక్కుకి ముందు దాల్చినచెక్క తగులుతుంది. నోట్లో మొదట తీపి, వెనకే ఆపిల్ పులుపు, కాస్త వగరు, ఆఖర్న నాలిక మీద లవంగం చురుకు. గుమ్మడికాయ కోసం వెతక్కు, దొరకదు. దానికి సొంత రుచి ఎంతని? దప్పళంలో వేసినా బరువంతా చింతపండూ బెల్లమే మోస్తాయి కదా. ఇక్కడ అది ఇచ్చేది కాస్త చిక్కదనం, అంతే. నాకైతే మొదటిసారి తాగినప్పుడు, శ్రీరామనవమి పానకం పులిస్తే ఇలాగే ఉంటుందేమో అనిపించింది. యాలకులు లేని లోటు ఒక్కటే.

మంచిదో కాదో కనుక్కోవడానికి నా కొలత ఒకటుంది. మింగేసి పది అంకెలు లెక్కపెట్టు. మసాలా తగ్గాక ఆపిల్ మిగిలితే మంచిది. ఆపిల్ జాడ లేకుండా దాల్చినచెక్కే మోగుతుంటే సువాసన కొవ్వొత్తి కరిగించి పోశారనుకో. పక్కన నంజుకోడానికి ఇక్కడివాళ్ళు చెడ్డార్ చీజ్ పెడతారు, బావుంటుంది. మీ అమ్మ కట్టిచ్చిన చేగోడీలు ఇంకా మిగిలుంటే అవి ఇంకా బావుంటాయి.

ప్లేనో, టెక్సాస్:
పద్ధెనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, తాగను. 'నో థాంక్స్, ఐ డోంట్ డ్రింక్' అంటే చాలు బాబూ, మామూలుగా రెండోసారి అడగరు. మన పెళ్ళిపంక్తిలో 'ఇంకొక్క గారె' అని వెంటపడే రకం కాదు. కారణాలు మాత్రం చెప్పకు, చెప్తే చర్చ మొదలవుతుంది. తోటల్లో పిల్లలు తాగే వేడి సైడర్, సైడర్ డోనట్లు ఉంటాయి. డోనట్లు వేడిగా ఉన్నప్పుడే తిను.

పియోరియా, ఇల్లినాయ్:
గుమ్మడికాయ అనగానే భుజాలు తడుముకోవాల్సింది మేమే. మా పక్కనున్న మోర్టన్ తనని తాను ప్రపంచ గుమ్మడికాయల రాజధాని అని పిలుచుకుంటుంది. దేశంలో డబ్బాల్లో అమ్మే గుమ్మడి గుజ్జు చాలావరకు ఈ చుట్టుపక్కలదే. ఆ డబ్బాలోది హాలోవీన్‌కి కళ్ళూ ముక్కూ చెక్కే కాయ కాదు. డికిన్సన్ అనే రకం, లేత గోధుమరంగు తొక్క, బటర్‌నట్ స్క్వాష్‌కి చుట్టం. చెక్కే కాయ నీళ్ళోడుతూ పీచుగా ఉంటుంది. పండగ అయిపోయాక చవగ్గా వచ్చిందని దాంతో పులుసు పెట్టాను ఒకసారి. మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది.

ఈ మసాలా పిచ్చి కొత్తదనుకుంటారు గానీ మెక్‌కార్మిక్ అనే మసాలాల కంపెనీ వాళ్ళు 1934లోనే పంప్‌కిన్ పై స్పైస్ డబ్బా అమ్మారు. 2003లో స్టార్‌బక్స్ దాన్ని కాఫీలోకి తెచ్చాక ఊరూరా అంటుకుంది.

ఎడిసన్, న్యూజెర్సీ:
తమ్మీ, రుచి సంగతి అక్క చెప్పింది. నేను లెక్క చెప్త. రుచి చూపెట్టే చోట నాలుగు చిన్న గ్లాసులు ఒక చెక్క మీద పెట్టిస్తరు, దాన్ని ఫ్లైట్ అంటరు. ఒక్కోటి అయిదు ఔన్సులు అనుకో, మొత్తం ఇరవై. ఆరు శాతం సైడరైతే అది 12 ఔన్సుల మామూలు బీర్లు రెండింటికి సమానం. చూడనీకి ముద్దుగ ఉంటయి, అందుకే తెల్వదు. నేను కల్లు తాగే ఊరినుంచి వచ్చినోణ్ణి. ఈత కల్లు లెక్కనే తియ్యగ ఉన్నదని మొదటిసారి మూడు సీసాలు దించిన. కూసున్నంతసేపు బాగనే ఉన్న, లేస్తే తెల్సింది.

బండి నువ్వు నడపకు. మన దగ్గర 100 మి.లీ. రక్తంల ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటొద్దు, ఇక్కడ హద్దు 80. ఎక్కువ కదా అని ధైర్యం చెయ్యకు. తాగి నడిపిన కేసుల అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి ఉంది. సీసా ఇంటికి తెచ్చుకుంటే మూత తియ్యకుండ డిక్కీల పెట్టు. ఇంకోటి, వయసు చూపెట్టనీకి పాస్‌పోర్టు అసలుది తీస్కపో, ఫోన్ల ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

వూస్టర్ (ఆదివారం):
వెళ్ళొచ్చాను. అసలు పాస్‌పోర్టే అడిగారు, అన్నా. మా ల్యాబ్‌లో తాగని అమ్మాయి ఒకరుంటే తనే డ్రైవ్ చేసింది. నేను ఫ్లైట్ తీసుకోకుండా ఒక్క గ్లాసు గుమ్మడిది అడిగాను, సగం తాగాను. మొదటి గుక్కకి దగ్గుమందు గుర్తొచ్చింది, నిజం చెప్పాలంటే. రెండో గుక్కకి అక్క చెప్పినట్టే పది లెక్కపెట్టాను. ఏడు దగ్గర ఆపిల్ వచ్చింది! మిగతా సగం పక్కవాళ్ళకిచ్చి డోనట్లు నాలుగు తిన్నాను. చేగోడీల పొట్లం కారు దిగకముందే ఖాళీ అయిపోయింది, నాకు మూడే దక్కాయి.

ఒక చిన్న గుమ్మడికాయ కూడా కొన్నాను. ఇది వండేదా, చెక్కేదా?

పియోరియా:
చీటీ మీద ఏముంది?

వూస్టర్:
'షుగర్ పై' అని ఉంది.

పియోరియా:
పులుసు పెట్టెయ్.